తంగేడు పెంపకం

తంగేడు దక్షిణ భారతదేశపు మెట్ట భూములలోను, గుట్టల వాలులలోను, చెలకల గట్లపైన సహజంగా పెరిగే బహువార్షిక పూల పొద. దీని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. ఇది చిక్కుడు కుటుంబమైన ఫాబేసీకి చెందినది. తెలంగాణ ప్రభుత్వం 2014 నవంబరులో దీనిని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో బతుకమ్మను పేర్చడానికి గునుగుతో పాటు తప్పక కావలసిన పువ్వు ఇదే.

ఊరి చుట్టూ దానంతట అదే మొలిచే మొక్క కావడం వలన తంగేడును విత్తి పెంచే అలవాటు మన ప్రాంతంలో తక్కువ. అయితే ఇది తుమ్మెదలకు పుప్పొడిని, కొన్ని సీతాకోకచిలుకల గొంగళి పురుగులకు ఆకును అందిస్తుంది. నీరు, ఎరువు పెద్దగా కోరదు. కనుక ఇంటి పెరటిలోను, బడి ఆవరణలోను, పొలం గట్టుపైన పరాగ సంపర్క కీటకాల కోసం పెంచదగిన స్థానిక మొక్కలలో ఇది ముఖ్యమైనది.

పేర్లు

కార్ల్ లిన్నేయస్ 1753లో ఈ మొక్కను కాసియా ఆరిక్యులేటా అనే పేరుతో వర్ణించాడు. సామర్లకోటలో చాలాకాలం పనిచేసిన వృక్ష శాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దీనిని సెన్నా ప్రజాతిలో చేర్చాడు. ప్రస్తుతం ఆ పేరే చెల్లుబాటులో ఉన్నది. పాత పాఠ్యపుస్తకాలలోను, ఆయుర్వేద గ్రంథాలలోను కాసియా అనే పేరే ఎక్కువగా కనిపిస్తుంది. ఆరిక్యులేటా అనగా చెవి వంటి భాగము గలది అని అర్థం. ఆకు తొడిమ మొదట చెవి ఆకారంలో ఉండే పత్రపుచ్ఛాలను బట్టి ఈ పేరు వచ్చింది.

సంస్కృతంలో ఆవర్తకి, తమిళంలో ఆవారం, హిందీలో తర్వర్, సింహళంలో రణవర అని దీనికి పేర్లు గలవు. తెలుగులో తంగేడుకు బహువచన రూపం తంగెళ్లు. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని తంగెళ్లపల్లి వంటి ఊరి పేర్లలో ఈ రూపం కనిపిస్తుంది.

మొక్క వర్ణన

* సాధారణంగా ఒకటి నుంచి రెండు మీటర్ల ఎత్తు వరకు గుబురుగా పెరుగుతుంది. అనుకూలమైన చోట ఇంతకంటె ఎత్తు పెరగవచ్చు. బెరడు గోధుమ రంగులో ఉంటుంది.
* ఆకులు పిచ్ఛాకార సంయుక్త పత్రాలు. ఒక్కొక్క ఆకులో 8 నుంచి 12 జతల పత్రకాలు ఉంటాయి. ప్రతి జత నడుమ నిలువుగా ఒక చిన్న గ్రంథి ఉంటుంది.
* పూలు ముదురు పసుపు రంగులో, సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పుతో, కొమ్మల చివర గుత్తులుగా పూస్తాయి. ఆకర్షణ పత్రాలు ఐదు, కేసరాలు పది. వీటిలో పైనున్న మూడు కేసరాలు వంధ్యములు.
* కాయలు 7 నుంచి 11 సెంటీమీటర్ల పొడవుతో, పలుచగా, బల్లపరుపుగా, ఎండిన తరువాత కాగితం వలె ఉంటాయి. ఒక్కొక్క కాయలో 12 నుంచి 20 గింజలు ఉంటాయి.

అక్కడక్కడ ఏడాది పొడవునా పూలు కనిపించినప్పటికీ, వానాకాలం చివరి నుంచి చలికాలం వరకు పూత ఎక్కువ. బతుకమ్మ పండుగ వచ్చే భాద్రపద, ఆశ్వయుజ మాసాలు ఈ కాలంలోనే ఉంటాయి.

ఉత్తర తెలంగాణలో వ్యాప్తి

పూర్వపు కరీంనగర్ జిల్లా ప్రాంతం 2016 అక్టోబరు 11 నుంచి ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగాను, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా అదే రోజు నుంచి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగాను ఉన్నవి. గోదావరికి దక్షిణాన ఉన్న కరీంనగర్ ప్రాంతంలో గ్రానైటు గుట్టలు, ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు ఎక్కువ. నీరు నిలువని ఇటువంటి నేల తంగేడుకు మిక్కిలి అనుకూలం. గోదావరికి ఉత్తరాన ఉన్న ఆదిలాబాద్ ప్రాంతంలో పత్తి పండే నల్లరేగడి భూములు, టేకు అడవులు విస్తారంగా ఉన్నవి. అక్కడ తంగేడు రేగడి చేలలో కంటె రాతి నేలల్లో, బాటల వెంట, అడవి అంచులలో ఎక్కువగా కనిపిస్తుంది. దట్టమైన నీడలో ఇది పూయదు.

పశువులు సాధారణంగా దీనిని మేయవు. మేత భూములలో ఇతర మొక్కలు తరిగిపోయినా తంగేడు నిలిచి ఉండడానికి ఇదొక కారణం.

పువ్వులో పుప్పొడి మాత్రమే

తంగేడు పువ్వులో మకరందం ఉండదు. కీటకాలకు అది ఇచ్చే ప్రతిఫలం పుప్పొడి ఒక్కటే. ఆ పుప్పొడి కూడా అన్ని కీటకాలకు సులభంగా అందదు. చాలా పూలలో పరాగకోశాలు నిలువునా చీలి పుప్పొడి బయటపడుతుంది. తంగేడులో అలా చీలవు. పరాగకోశం కొనన ఉన్న సన్నని రంధ్రాల ద్వారానే పుప్పొడి రావాలి. మూతకు చిల్లులున్న ఉప్పుసీసాను ఊపితే గాని ఉప్పు రాలనట్లే, పరాగకోశాన్ని కుదిపితే గాని పుప్పొడి రాలదు.

ఈ పని చేయగలవి తుమ్మెదలు. జైలోకోపా ప్రజాతికి చెందిన నల్లని పెద్ద తుమ్మెద పువ్వుపై వాలి, కేసరాలను కాళ్లతో గట్టిగా పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే రొమ్ములోని ఎగిరే కండరాలను వేగంగా కంపింపజేస్తుంది. ఆ కంపనానికి పుప్పొడి రంధ్రాల నుంచి ఎగజిమ్మి దాని ఒంటిపై పడుతుంది. దగ్గర నిలబడి వింటే ఎగిరేటప్పటి ఝంకారం కంటె హెచ్చు స్థాయిలో చిన్న చిన్న మోతలు వినిపిస్తాయి. ఉదయం వేళ పూత మీద ఉన్న పొద దగ్గర విద్యార్థులు దీనిని స్వయంగా గమనించవచ్చు. ఈ విధానాన్ని కంపన పరాగ సంపర్కం అంటారు. నీలి చారల పొట్ట గల అమెజిల్లా తేనెటీగలు కూడా ఇట్లే చేస్తాయి.

కేసరాల మధ్య పని విభజన కూడా ఉన్నది. నడుమనున్న పొట్టి కేసరాల పుప్పొడిని తుమ్మెద ఆహారంగా సేకరిస్తుంది. కిందివైపు ఉన్న పొడవైన కేసరాల పుప్పొడి దాని ఒంటికి అంటుకొని మరొక పువ్వు కీలాగ్రానికి చేరుతుంది. సాధారణ తేనెటీగలు ఇలా కంపింపజేయలేవు. తుమ్మెద వెళ్లిన తరువాత రేకులపై రాలిన పుప్పొడిని అవి ఏరుకుంటాయి.

తెలుగులో సులభంగా చేతికి అందేదానిని తంగేటిజున్ను అనడం పాత పలుకుబడి. ఇక్కడ జున్ను అనగా తేనెపట్టు. పొట్టి పొదలో పట్టిన తేనెను చెట్టెక్కకుండానే తీసుకోవచ్చు గనుక ఈ మాట పుట్టింది. సన్న తేనెటీగ నేటికీ ఇటువంటి పొదల కొమ్మలకే ఒంటి పట్టు పెడుతుంది. అయితే ఆ పట్టులోని తేనె తంగేడు పూలది కాదు, చుట్టుపక్కల మకరందం గల ఇతర పూలది.

కూరగాయల తోటతో సంబంధం

వంకాయ, టమాట పూలలో కూడా పుప్పొడి పరాగకోశాల కొనల నుంచే రావాలి. ఈ పంటలలో గాలికి కొంత పరాగ సంపర్కం జరిగినా, తుమ్మెదలు, అమెజిల్లా తేనెటీగలు వచ్చి కంపింపజేసినప్పుడు కాయ బాగా కడుతుంది. కంది పూలపై కూడా తుమ్మెదలు తరచుగా వాలుతాయి. కూరగాయలు ఏడాదిలో కొన్ని నెలలే పూస్తాయి. మిగిలిన కాలంలో ఈ కీటకాలు బతకడానికి గట్ల మీద వేరే పూలు ఉండాలి. గట్టున ఉన్న తంగేడు ఆ లోటును తీరుస్తుంది. అందువలన గట్టును నున్నగా చెక్కి, కలుపు మందు కొట్టి పొదలను తొలగించే రైతు తన వంగతోటకు వచ్చే తుమ్మెదలను కూడా పోగొట్టుకుంటాడు.

ఆకు – సీతాకోకచిలుకలు

క్యాటాప్సీలియా ప్రజాతికి చెందిన, లేత ఆకుపచ్చ ఛాయ గల తెల్లని సీతాకోకచిలుకలు తంగేడు లేత ఆకులపై గుడ్లు పెడతాయి. యురీమా ప్రజాతికి చెందిన చిన్న పసుపు సీతాకోకచిలుకలకు కూడా తంగేడు, దాని దగ్గరి బంధువులైన మొక్కలు ఆహారం. గుడ్ల నుంచి వచ్చే ఆకుపచ్చని గొంగళి పురుగులు ఆకు రంగులో కలిసిపోయి సులభంగా కంటికి కనబడవు. వానాకాలంలో ఒక్కొక్కసారి కొమ్మలను మోడు చేసినంతగా ఆకును తింటాయి. దీనిని తెగులుగా భావించి మందు చల్లరాదు. పురుగు కోశస్థ దశలోకి పోగానే మొక్క మళ్లీ చిగురిస్తుంది. వేప కషాయం కూడా ఈ పురుగులను చంపుతుంది కనుక దానిని సైతం వాడకపోవడం మేలు.

పెంచే విధానం

విత్తన సేకరణ: కాయలు గోధుమ రంగుకు మారి, ఊపితే గింజలు గలగలమనే దశలో కోయాలి. పుష్యం నుంచి ఫాల్గుణం వరకు ఇవి దొరుకుతాయి. ఒకే పొద నుంచి కాక, వేరు వేరు చోట్ల ఉన్న పొదల నుంచి కొద్ది కొద్దిగా సేకరించడం మంచిది. గింజలలో పుచ్చు పురుగు సామాన్యం. చిల్లు పడినవాటిని, నీటిలో తేలినవాటిని తీసివేయాలి. మంచి గింజలను ఎండబెట్టి పొడి సీసాలో నిలువ చేయాలి.

విత్తన శుద్ధి: తంగేడు గింజ పై పొర గట్టిది. నీటిని లోనికి పోనివ్వదు. అలాగే విత్తితే కొన్ని మొలుస్తాయి, మిగిలినవి నెలల తరబడి మట్టిలో ఉండిపోతాయి. గింజను గరుకు కాగితంపై గాని గరుకు రాతిపై గాని ఒక ప్రక్క మెరుపు పోయే వరకు రుద్ది, రాత్రంతా నీటిలో నానబెట్టాలి. గింజలు ఎక్కువగా ఉన్నప్పుడు, మరిగించి పొయ్యి మీద నుంచి దించిన నీటిలో వేసి, తెల్లవారే వరకు ఉంచవచ్చు. పొయ్యి మీద ఉండగా గింజలు వేయరాదు. తెల్లవారేసరికి ఉబ్బిన గింజలను విత్తుకొని, ఉబ్బనివాటిని మరల రుద్దాలి.

నారు పోయడం: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి పాలిథీన్ సంచులు నింపాలి. ఏప్రిల్, మే నెలల్లో సంచికి రెండేసి గింజలను సెంటీమీటరు లోతున విత్తాలి. ఒకటి రెండు వారాలలో మొలకలు వస్తాయి. బలమైన మొక్కను ఉంచి రెండవదాన్ని తీసివేయాలి. తంగేడుకు తల్లివేరు లోతుగా పోతుంది. మొక్కను సంచిలో ఎక్కువ కాలం ఉంచితే వేరు చుట్టుకొనిపోయి తరువాత ఎదుగుదల దెబ్బతింటుంది. రెండు మూడు నెలలలోపే నాటుకోవాలి. పొదలను తవ్వి తెచ్చి నాటితే ఇదే కారణం చేత తరచుగా ఎండిపోతాయి.

నాటడం: మృగశిర, ఆరుద్ర కార్తెలలో నేల తడిసిన తరువాత నాటడం ఉత్తమం. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోటు ఎన్నుకోవాలి. అడుగున్నర లోతు గుంత తీసి, అదే మట్టితో నింపాలి. కంచెగా అయితే మీటరు దూరంలో, విడి పొదలుగా అయితే మీటరున్నర దూరంలో నాటాలి. నల్లరేగడిలో నీరు నిలుస్తుంది కనుక అక్కడ అడుగు ఎత్తున మట్టి కట్ట వేసి దానిపై నాటాలి. గట్టు మీదనైతే శుద్ధి చేసిన గింజలను తొలకరిలో నేరుగా విత్తవచ్చు.

నీరు, ఎరువు: నాటిన తరువాత వచ్చే మొదటి వేసవిలో వారానికి ఒకసారి నీరు పోస్తే చాలు. తరువాతి సంవత్సరాలలో వాన నీరే సరిపోతుంది. రసాయన ఎరువులు అనవసరం. చిక్కుడు కుటుంబానికి చెందినది కనుక తంగేడు వేళ్లు నేలలో నత్రజనిని స్థాపిస్తాయని కొందరు భావిస్తారు. సెన్నా ప్రజాతి మొక్కల వేళ్లపై ఆ బుడిపెలు సాధారణంగా ఏర్పడవు. అయితే దీని ఆకును పచ్చిరొట్ట ఎరువుగా పొలంలో తొక్కించడం పూర్వం నుంచి ఉన్నది.

కత్తిరింపు: మొక్క సాధారణంగా రెండవ వానాకాలం నాటికి పూతకు వస్తుంది. కాయలు పండిన తరువాత, వేసవికి ముందు కొమ్మలను మూడోవంతు కత్తిరిస్తే వానలకు కొత్త చిగుళ్లు వచ్చి పొద గుబురవుతుంది. పూత కొత్త కొమ్మల చివర వస్తుంది. కనుక శ్రావణం తరువాత కత్తిరిస్తే ఆ ఏటి పూత పోతుంది.

తోడు మొక్కలు, గూళ్లు

తంగేడులో మకరందం లేదు కనుక అదొక్కటే ఉన్న తోట కీటకాలకు చాలదు. దాని సరసన మకరందం ఇచ్చే స్థానిక మొక్కలు ఉండాలి.

* వావిలి: బహువార్షిక పొద. చిన్న నీలిరంగు పూలకు తేనెటీగలు విరివిగా వస్తాయి.
* ముళ్ళగోరింట: బహువార్షికం. పసుపు, నారింజ ఛాయల పూలు తుమ్మెదలను ఆకర్షిస్తాయి.
* జిల్లేడు: తుమ్మెదలకు మకరందం, కొన్ని సీతాకోకచిలుకల గొంగళి పురుగులకు ఆకు ఇస్తుంది. పాలు కంటికి ప్రమాదకరం కనుక చిన్నపిల్లల బడులలో నాటరాదు.
* తుమ్మి, గునుగు: ఏకవార్షికాలు. గింజ రాలి మరుసటి ఏడు మళ్లీ మొలుస్తాయి.
* తులసి: ఇంటి ముందు సులభంగా పెరిగే మకరందపు మొక్క.

ఆహారంతో పాటు గూడు కూడా అవసరం. తుమ్మెద ఎండిన కలపలోను, వెదురులోను సొరంగం తొలిచి గుడ్లు పెడుతుంది. తోటలో ఒక ఎండు దుంగను గాని కొన్ని వెదురు ముక్కలను గాని వాన తగలని చోట కట్టి ఉంచవచ్చు. అమెజిల్లా తేనెటీగలు మట్టి గోడలలో, గట్లలో గూళ్లు చేస్తాయి. కనుక తోటంతా సిమెంటు చేయకుండా కొంత వట్టి నేల వదలాలి.

పోలిక గల మొక్కలు

విత్తనాలు సేకరించేవారు ఈ మొక్కలను తంగేడుగా పొరబడకూడదు.

* కసివింద: అమెరికా ఖండాల నుంచి వచ్చిన కలుపు మొక్క. పత్రకాలు పెద్దవి, కొనదేలి ఉంటాయి. కాయ సన్నగా పొడవుగా ఉంటుంది.
* తగిరిస: వానాకాలపు ఏకవార్షికం. పత్రకాలు మూడు జతలే. కాయ చాలా సన్నగా ఉంటుంది.
* సీమతంగేడు: నీడ కోసం బాటల పక్కన పెంచే పెద్ద చెట్టు.

ఆకు మొదట చెవి వంటి పెద్ద పత్రపుచ్ఛాలు, వెడల్పైన కాగితపు కాయ తంగేడుకు నమ్మదగిన గుర్తులు.

బతుకమ్మ – పూల కోత

బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదవ రోజున సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. గుమ్మడి ఆకులు పరచి, వాటిపై తంగేడు, గునుగు, కట్ల, బంతి మొదలైన పూలను వరుసలుగా పేరుస్తారు. ఈ రోజులలో ఊరి చుట్టుపక్కల తంగేడు పూలను పెద్ద ఎత్తున కోస్తారు. పట్టణాల అంగళ్లలో మూటలుగా అమ్ముతారు.

పూలు కోసినందువలన తంగేడు చావదు. ఇది బహువార్షికం. పండుగ తొమ్మిది రోజులు, పూత నెలల తరబడి. పండుగ తరువాత పూచే పూలు కాయలు కట్టడానికి చాలినంత వ్యవధి ఉన్నది. మొక్కకు నిజమైన హాని వేరు విధంగా జరుగుతుంది. పూల కోసం కొమ్మలను మొదలంటా విరవడం, పొదను కొడవలితో నరకడం, బెరడు వలవడం వలన మొక్క క్షీణిస్తుంది. అన్నింటికంటె ముఖ్యమైనది భూమి మార్పు. శివారు బీళ్లు ఇళ్ల స్థలాలుగా మారడం, గుట్టలు గ్రానైటు క్వారీలు కావడం, గట్లపై కలుపు మందుల వాడకం వలన ఊరి దగ్గరి తంగేడు వనాలు తగ్గిపోతున్నవి. తంగేడు జాతిగా అంతరించే స్థితిలో లేదు. ఒక ఊరి పిల్లలు తమ ఊరి పూలతో బతుకమ్మను పేర్చగలరా అనేది మాత్రం ఆ ఊరి బీడును, గట్టును బట్టి ఉంటుంది.

పూలు కోసేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించవచ్చు:

* కొమ్మను విరవకుండా పూగుత్తిని మాత్రమే కత్తెరతో కోయాలి.
* ఒకే పొదను మోడు చేయకుండా, ప్రతి పొదపైన సగానికి పైగా పూలు వదలాలి.
* ఎత్తైన, గుబురైన కొన్ని పొదలను విత్తనానికి విడిచిపెట్టాలి.
* పండుగ తరువాత అవే పొదల నుంచి కాయలు సేకరించి తొలకరిలో గట్లపై విత్తాలి.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం (2018) ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీ నర్సరీని నిర్వహించవలసి ఉన్నది. ఊరివారు సేకరించిన గింజలను ఇచ్చి అక్కడ తంగేడు నారు పోయించుకోవచ్చు.

ఇతర ఉపయోగాలు

తంగేడు చెక్కలో సుమారు 18 శాతం టానిన్ ఉంటుంది. గ్రామాలలోని లందలలో తోళ్లను పదును చేయడానికి తరతరాలుగా ఈ చెక్కనే వాడేవారు. దక్షిణ భారతదేశపు తోళ్ల పరిశ్రమ కూడా దీనిపై ఆధారపడి ఉండేది. తరువాత విదేశీ వాటిల్ బెరడు, రసాయనిక పద్ధతులు రావడంతో దీని వాడకం తగ్గింది. లేత పుల్లలను పండ్లు తోముకోవడానికి వాడతారు. ఎండిన పూలను తమిళనాడులోను, శ్రీలంకలోను కషాయంగా, తేనీరుగా తాగుతారు. సిద్ధ వైద్యంలో దీనిని మధుమేహానికి వాడతారు. మధుమేహానికి మందులు వాడుతున్నవారు వైద్యుని సలహా లేకుండా దీనిని సేవించరాదు.

ఇవి కూడా చూడండి

* బతుకమ్మ
* గునుగు
* తుమ్మెద
* పరాగ సంపర్కం
* రేల
* తెలంగాణ రాష్ట్ర చిహ్నాలు